దూరము నుండి విసరిన నిప్పు

ఈ వార్షిక సంచికలో మేము ప్రతి యేటా వ్రాయు వ్యాసము ఏదో యొక కావ్యమును గూర్చియో, కవిని గూర్చియో ఉండుట పాఠకులకు పరిచితమే. ఈ యేడు వ్రాయదలచినది ఒక మంత్రమును గూర్చి. అది వేదములోనిది కాదు, తంత్రగ్రంథములలోనిదియు కాదు. మన వసతిగృహములో రాత్రి దీపములు ఆర్పిన పిమ్మట, దుప్పటి క్రింద, సెల్‌ఫోను వెలుతురులో మన విద్యార్థులు విసరుచున్న మంత్రమది. ఆంగ్లమున దాని పేరు 'ఫైర్ స్ట్రైక్'. మనము దానిని అగ్నిఘాతమని పిలుచుకొందము. అది 'ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్' అను ఆటలోనిది.

వసతిగృహములో ఇట్టి ఆటలను పూర్తిగా నిషేధింపవలెనను ప్రతిపాదన కమిటీ పెద్దల యెదుట ఉన్నదని అందరికి తెలియును. పిల్లలు మంత్రములతో చంపుట నేర్చుకొనుచున్నారని కొందరు తల్లిదండ్రుల ఆవేదన. అది ఉత్త బొమ్మలాట, దానితో ఎవరికి నష్టమని విద్యార్థుల వాదము. ఈ రెండు మాటలలోను కొంత నిజము, కొంత తొందరపాటు ఉన్నవని మా అభిప్రాయము. గ్రంథమును చదువక విమర్శ వ్రాయరాదని తరగతిలో మేమే చెప్పుచుందుము. కావున వేసవి సెలవులలో నెల దినములు ఆ ఆటను స్వయముగా ఆడి చూచినాము. మాకు గురుత్వము వహించినవాడు ద్వితీయ సంవత్సరపు వాణిజ్యశాస్త్ర విద్యార్థి యొకడు. తరగతిలో చివరి బల్లపై కూర్చుండు ఆ బాలుడు గురువుగా మాత్రము మిక్కిలి ఓర్పు గలవాడు.

ఈ ఆట పుట్టినది ఇంగ్లండులో. కేంబ్రిడ్జిలో చదివిన ఆండ్రూ గోవర్ అను యువకుడు తన సోదరులతో కలిసి 2001 జనవరిలో 'రూన్‌స్కేప్'ను లోకమునకు అందించినాడు. అది కాలక్రమమున మారి మారి తొలి రూపమును పోగొట్టుకొనగా, మాకు పాత ఆటయే కావలెనని ఆటగాండ్రు కోరినారు. అప్పుడు 2007 నాటి ప్రతిని వెలికి తీసి, 2013 ఫిబ్రవరిలో 'ఓల్డ్ స్కూల్' అను పేరుతో వేరుగా నిలిపినారు. 2018 అక్టోబరులో అది సెల్‌ఫోనులోనికి వచ్చినది. దేశదేశముల వారు ఒకే కల్పిత రాజ్యములో ఒకే సమయమున సంచరించుచుందురు. ఆ రాజ్యమున చెట్లు నరకువారు, చేపలు పట్టువారు, ఇనుము కరగించువారు, వంట చేయువారు కలరు; మంత్రగాండ్రును కలరు. డబ్బు పందెముగా ఒడ్డు ఆన్‌లైన్ ఆటలను 2025లో మన పార్లమెంటు చట్టము చేసి నిషేధించినది. ఇది ఆ కోవకు చెందినది కాదని ముందుగా మనవి చేయుచున్నాము.

అగ్నిఘాతము విసరుటకు మంత్రవిద్యలో 13వ స్థాయికి చేరవలెను. అంతకు ముందు గాలి, నీరు, మట్టి మంత్రములను వరుసగా దాటవలెను. స్థాయి చేరినంత మాత్రమున చాలదు. సంచిలో మంత్రశిలలు ఉండవలెను. ఒక్కమారు విసరుటకు 3 అగ్నిశిలలు, 2 వాయుశిలలు, 1 చిత్తశిల ఖర్చగును. ఆ నిప్పు 10 గడుల దూరము వరకు పోవును. గురి తప్పవచ్చును; తగిలినను దెబ్బ 8 అంకెను దాటదు. ఒకమారు విసరిన పిమ్మట మరల విసరుటకు 3 సెకనులు ఆగవలెను. మొదటి దినమున మేము అగ్నిశిలలు మాత్రము దండిగా కొనుక్కొని పోయి, మంత్రము పారక తెల్లముఖము వేసినాము. మా బాలగురువు నవ్వి, "గాలి లేకుంటే నిప్పెట్ల అంటుకుంటది సార్?" అన్నాడు. రసాయనశాస్త్రోపన్యాసకులు మెచ్చుకొనదగిన మాట అది.

ఆ శిలలు ఆకాశము నుండి రాలవు. గనిలో దిగి శిలాసారమును తవ్వవలెను. దానిని మోసికొని అగ్నిపీఠము కడకు పోయి, అచట అగ్నిశిలలుగా మార్చుకొనవలెను. తాము తవ్వనివారు తవ్వినవారి కడనో అంగడిలోనో కొనవలెను. అనగా మూడు సెకనుల మంట వెనుక ఎవరిదో శ్రమ దాగి ఉన్నది. అగ్నిదండము చేతబట్టినచో అగ్నిశిలల ఖర్చు తప్పును గాని, అప్పుడును చిత్తశిల ఖర్చు తప్పదు. నిప్పు ఉచితముగా దొరకవచ్చును, చిత్తము మాత్రము ఉచితముగా దొరకదని ఆ ఆట కర్తలు చెప్పదలచినారో లేదో మేమెరుగము. మాకు మాత్రము ఆ అర్థము స్ఫురించినది. విద్య క్రమముగా రావలెనని, శక్తికి వెల ఉన్నదని, ఆ వెలలో మనస్సు తప్పక ఉండవలెనని నేర్పు ఆటను ఉత్త చెడుగని కొట్టివేయుట న్యాయము కాదు. ఇంతవరకు మాకు దానిపై గౌరవమే కలిగినది.

మా మనస్సు చివుక్కుమన్నది వేరొక చోట.

ఆటలో అడుగిడిన ప్రతి క్రొత్తవానిని మొదట ఒక ద్వీపమున నిలిపి, అన్ని విద్యలను క్లుప్తముగా నేర్పుదురు. మంత్రవిద్య వంతు వచ్చినపుడు అచటి ఆచార్యుడు కొన్ని శిలలిచ్చి, ఎదుటనున్న కోడిపై వాయుఘాతమును విసరుమనును. కోడి కంచె లోపల ఉండును. మనము కంచె వెలుపల ఉందుము. దూరమంత్రమున మొదటి పాఠము ఇదియే. పారిపోలేని దానిని, మన దరికి రాలేని దానిని కొట్టవలెను.

మరికొంత ముందుకు పోయినచో మాంత్రికుల గోపురము వచ్చును. దాని పై అంతస్తులో ఒక రాక్షసుని పంజరములో బంధించి ఉంచినారు. వాని ప్రాణబలము 79. మా వంటి క్రొత్తవారు వానికి ఎదురుగా నిలిచినచో ఎక్కువసేపు మిగులరు. కాని పంజరము వెలుపల నిలిచి అగ్నిఘాతము విసరువానికి వాని గోరైనను తగులదు. బండచాటున గాని, కంచె వెనుక గాని, తమకు దెబ్బ తగులకుండ తాము మాత్రము కొట్టగల ఇట్టి తావులకు ఆటగాండ్రు 'సేఫ్ స్పాట్' అని పేరు పెట్టుకొన్నారు. నేర్పరి యనగా అట్టి తావులను బాగుగా ఎరిగినవాడని మా బాలగురువు ఉపదేశించినాడు.

మేమును అచట నిలిచి విసరినాము. రాక్షసుడు కూలినాడు, కొంతసేపటికి అదే పంజరములో మరల లేచినాడు, మరల కొట్టినాము. ప్రక్కన పెట్టుకొన్న టీ చల్లారినది. గోడ గడియారము చూచునప్పటికి గంట గడచినది. ఆ గంటలో మాకు భయము లేదు, కోపము లేదు, జాలి లేదు. ఎదుట ఉన్నది ఎవరను తలంపే రాలేదు. అంకెలు పెరుగుచున్నవి, మేము చూచుచున్నాము, అంతే. సెల్‌ఫోను క్రింద పెట్టిన పిమ్మట మమ్ము కలవరపెట్టినది రాక్షసుని మరణము కాదు. బొమ్మకు నొప్పి ఎక్కడిది? కొట్టినవారమైన మా నిర్వికారమే మమ్ము కలవరపెట్టినది.

ఆట కర్తలకు ఈ సంగతి తెలియదని అనరాదు. వారి రాజ్యమునకు ఉత్తరమున 'వైల్డర్నెస్' అను నిర్జనసీమ కలదు. అచట ఒక ఆటగాడు మరియొక ఆటగానిపై నిప్పు విసరవచ్చును. అయితే తనపై చేయి చేసికొనని వానిని ముందుగా కొట్టినవాని తలపై తెల్లని కపాలపు గుర్తు వెలయును. ఆ గుర్తు ఉండగా వాడు చచ్చినచో వాని సొమ్మంతయు పోవును. గుర్తు లేనివాడు చచ్చినచో తన వస్తువులలో విలువైన మూడింటిని నిలుపుకొనును. తొలిదెబ్బ వేసినవాడు ఎవరో చూచువారందరికి తెలియవలెనని, వాడు ఎక్కువ నష్టమునకు సిద్ధపడవలెనని ఆ లోకపు ధర్మశాస్త్రము. పంజరము కడ లేని న్యాయము నిర్జనసీమలో ఉన్నది. ఏలన అచట నిప్పు తగులునది మరియొక మనుష్యునికి.

ఈ మాట వ్రాయుచుండగా మాకు ఆదిపర్వములోని అంగారపర్ణుని వృత్తాంతము జ్ఞప్తికి వచ్చినది. నన్నయ భట్టారకుడు తెనిగించిన ఆ కథను మన విద్యార్థులలో కొందరైనను చదివియుందురు. పాండవులు ఏకచక్రపురమును వీడి పాంచాలమునకు పోవుచు రాత్రివేళ గంగాతీరమునకు వచ్చినారు. అర్జునుడు కొఱవి చేతబట్టి ముందు నడచుచున్నాడు. అచట జలక్రీడలాడుచున్న గంధర్వుడు వారిని అడ్డగించి బాణములు వేసినాడు. అర్జునుడు వానిని కొఱవితోనే తప్పించి, పిమ్మట ఆగ్నేయాస్త్రమును ప్రయోగించినాడు. గంధర్వుని రథము భస్మమైనది. ఇదియు దూరము నుండి విసరిన నిప్పే. మన ఆటలోని అగ్నిఘాతమునకు ఇది ముత్తాత యనవచ్చును.

కాని భేదములు చూడుడు. ఆ అస్త్రము ఎవరి నుండి ఎవరికి వచ్చినదో అర్జునుడు ఎదిరికి చెప్పి మరి విసరినాడు. బృహస్పతి నుండి భరద్వాజునకు, అతని నుండి అగ్నివేశ్యునకు, అతని నుండి ద్రోణునకు, ద్రోణుని నుండి తనకు. అనగా విసరినవాని చేతి వెనుక నలుగురు గురువుల చేతులున్నవి. తప్పు చేసినచో ఆ నలుగురికిని అప్రతిష్ఠ. రథము కాలిన తరువాత గంధర్వుని భార్య వచ్చి ధర్మరాజును శరణు వేడినది. ఓడినవానిని చంపరాదని అన్న చెప్పగా తమ్ముడు విడిచినాడు. నిప్పు విసరిన స్థలముననే ఎదిరి పక్షమున మాటాడుటకు ఒకరు, ఆ మాట వినుటకు ఒకరు ఉన్నారు. అన్నిటికన్న గొప్ప విశేషము కథాంతమున ఉన్నది. శత్రువులిద్దరును మిత్రులైనారు. అర్జునుడు గంధర్వునకు ఆగ్నేయాస్త్రమునిచ్చి, అతని నుండి చాక్షుషి యను విద్యను పుచ్చుకొన్నాడు. మూడు లోకములలో దేనిని చూడగోరిన దానిని ఉన్నది ఉన్నట్లు చూపు విద్య అది. దూరము విసరగల శక్తికి దూరము చూడగల శక్తి జతయైనది.

ఆ జత లేనివాని గతి సౌప్తికపర్వమున కనబడును. బ్రహ్మశిరోస్త్రమును అర్జునుడును విసరినాడు, అశ్వత్థామయు విసరినాడు. మునులు వారించినపుడు అర్జునుడు దానిని ఉపసంహరింపగలిగినాడు. అశ్వత్థామకు విసరుట వచ్చును, మరల్చుట రాదు. ఆ అస్త్రము తుదకు పుట్టని శిశువులపైకి పోయినది. ఉపసంహారము నేర్వని విద్య సగము విద్య మాత్రమే కాదు, పూర్తి అపాయమని ఆ కథ చెప్పుచున్నది.

మన సంచికలో తెలుగు పుటలు ఎడమ నుండి, ఉర్దూ పుటలు కుడి నుండి ఆరంభమై నడుమ కలిసికొనును. కావున ఈ విషయమును ఆ వైపు నుండియు చూడవలెను. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయము 1883 నుండి సంపుటములుగా వెలువరించిన 'తిలిస్మె హోష్‌రుబా'ను మన ఉర్దూ విద్యార్థులు ఎరుగుదురు. ముహమ్మద్ హుసేన్ జాహ్ ఆరంభింపగా అహ్మద్ హుసేన్ ఖమర్ ముగించిన మహాగాథ అది. అందలి జాదూగరులు నారింజలను, మాదీఫలములను మంత్రించి శత్రువులపై విసరుదురు. అవి నిప్పులై, పిడుగులై పడును. నేటి ఆటలలో కనబడు మంత్రయుద్ధమంతయు అందులో వంద యేండ్లకు పూర్వమే ఉన్నది.

ఆ దాస్తానులో ఒక ఆచారము మమ్ము ఎప్పుడును ఆకర్షించుచుండును. జాదూగరుడు చచ్చినపుడు లోకము చీకటియగును, పెద్ద కోలాహలము చెలరేగును. ఆ చీకటిలో నుండి ఒక కంఠము, నన్ను చంపినారు, నా పేరు ఫలానా యని చాటును. వాడు దుష్టుడే కావచ్చును. కథానాయకునకు బద్ధవిరోధియే కావచ్చును. అయినను వాని పేరు వినబడక వాని చావు పూర్తికాదు. చంపినవాడు ఆ పేరు వినియే ముందుకు సాగవలెను. మేము గోపురముపై ఆ గంటలో ఎందరిని కూల్చినామో చెప్పలేము. అందులో ఒక్కనికిని పేరు లేదు.

ఇంతవరకు చెప్పినది గ్రంథపాండిత్యమని ఎవరైనను అనవచ్చును. కావున మా స్వానుభవము నొకదానిని చెప్పవలసియున్నది. చెప్పుటకు సిగ్గుగా ఉన్నది. చెప్పకుండుట అంతకన్న సిగ్గు.

కొన్ని యేండ్ల క్రిందట మేము వేరొక కళాశాలలో పనిచేయుచుంటిమి. దాని పేరు అప్రస్తుతము. మొదటి సంవత్సరపు విద్యార్థి యొకడు మూడు నెలలుగా తరగతికి సరిగా వచ్చుట లేదు. హాజరు తక్కువైనవారిని గూర్చి ఉపన్యాసకుల అభిప్రాయమును కార్యాలయము అడిగినది. రాత్రి భోజనమైన పిమ్మట పడకకుర్చీలో వాలి, సెల్‌ఫోనులో ఒక్క పంక్తి వ్రాసి పంపినాము. ఈ విద్యార్థికి చదువుపై శ్రద్ధ లేదు, పరీక్షకు అనుమతింప నవసరము లేదని ఆ పంక్తి. పంపుటకు మూడు సెకనులైనను పట్టలేదు. అతనిని ఒక్కమారైనను పిలిచి కారణమడుగలేదు. పిమ్మట హాయిగా నిద్రించినాము.

ఆరు నెలల తరువాత మా యింటి ఇనుప గేటు విరిగినది. అతికించుటకు వెల్డింగు దుకాణము నుండి వచ్చినవాడు ఆ బాలుడే. మమ్ము చూడగానే పరికరములు క్రింద పెట్టి సలాము చేసినాడు. తండ్రి కంటికి దెబ్బ తగిలి పని మానగా, దుకాణము మూతపడకుండ నిలిపినవాడు తానేనని మాటల నడుమ తెలిసినది. చదువు ఎందుకు మానితివని అడిగినాము. "హాజరు తక్కువైంది సార్. ఎవరో పరీక్షకు వద్దని రాసిన్రంట" అన్నాడు. అతని మాటలో నిందలేదు. ఆ 'ఎవరో' మేమేనని చెప్పుటకు మాకు నోరు రాలేదు. అతడు నల్లని అద్దము ముఖమునకు అడ్డు పెట్టుకొని, నిప్పురవ్వల నడుమ వంగి మా గేటును అతికించినాడు. సార్ దగ్గర ఎట్లా తీసుకొనేదని కూలికి చేయి చాపలేదు. బలవంతముగా జేబులో పెట్టినాము.

మరునాడు కార్యాలయమునకు పోయి, మా అభిప్రాయమును వెనుకకు తీసికొనుచున్నామని కాగితముపై వ్రాసి ఇచ్చినాము. పరీక్షలు ఎన్నడో ముగిసినవి. మరుసటి యేడు చేరుమని కబురు పంపినాము; అతడు రాలేదు. సందేశమును తెరపై నుండి తుడిచివేయు సదుపాయము సెల్‌ఫోనులో కలదు. సందేశము చేసిన పనిని తుడిచివేయు సదుపాయము అందులో లేదు. మా అస్త్రమునకు ఉపసంహారము లేకపోయినది. అతడు మా ఊరిలో ఉన్నంతకాలము చెప్పలేని మాటను నేడు ఈ పుటలో చెప్పుచున్నాము. ఆ పంక్తి వ్రాసినవారము మేమే.

అప్పటికి మేము ఈ ఆట పేరైనను వినియుండలేదు. అగ్నిఘాతము విసరుట మాకు ఏ ఆటయు నేర్పలేదు. పడకకుర్చీయే మా సేఫ్ స్పాట్. కావున వసతిగృహము నుండి ఒక ఆటను వెడలగొట్టినంత మాత్రమున ఈ జాడ్యము పోవునని మేము నమ్మజాలము. రోగము మంత్రములో లేదు. తిరిగి దెబ్బ తగులని చోట నిలిచి, ఎదుట ఎవరున్నారో చూడక, పేరు చెప్పక విసరుటలో ఉన్నది. ఆటలో దానికైనను కొన్ని శిలలు ఖర్చగును. మన చేతిలోని సెల్‌ఫోనులో ఒకరి శీలముపై మాట విసరుటకు ఒక్క శిలయు ఖర్చు కాదు. చిత్తశిల అసలే కాదు. తొలిదెబ్బ వేసినవాని తలపై ఏ గుర్తును వెలయదు.

విద్యార్థుల వాదమునకును ఒక్క మాట చెప్పవలెను. దానితో ఎవరికి నష్టమని వారు అడుగుదురు. కాలనష్టము ప్రత్యక్షముగానే ఉన్నది. మా టీ చల్లారినట్లే వారి పాఠములును చల్లారుచున్నవి. తెల్లవారుజామున కన్నులు ఎఱ్ఱగా తరగతికి వచ్చువారిని మేము చూచుచున్నాము. అంతకన్న సూక్ష్మమైన నష్టము వేరొకటి కలదు. పంజరములోని రాక్షసునిపై గంటల కొలది నిర్వికారముగా నిప్పు విసరిన చేయి, అదే తెరపై, అదే వ్రేలితో, తోటి విద్యార్థిని గూర్చి ఒక పంక్తిని వ్రాయునపుడు ఎక్కడ ఆట ముగిసినదో, ఎక్కడ మనిషి ఆరంభమైనాడో గుర్తింపవలసియున్నది. గుర్తించువారు చాలమంది యున్నారు. గుర్తింపనివాడు ఒక్కడున్నను చాలును. వయస్సులో పెద్దవారమైన మేమే గుర్తింపలేదు కదా!

కమిటీ పెద్దలకు మా మనవి యిది. ఆటలపై సంపూర్ణ నిషేధము వలదు. రాత్రి పది గంటల తరువాత సెల్‌ఫోనులు వార్డెను కడ ఉండవలెనను నియమము పెట్టినచో మేము సమర్థింతుము. అది ఆటకును, సినిమాకును, వ్యర్థసంభాషణకును సమానముగా వర్తించును. నియమము చేయుటకు ముందు విద్యార్థుల ప్రతినిధులనిద్దరిని పిలిచి వినుడు. ఈ ఆటను నడుపువారు సైతము తొలి యేండ్లలో క్రొత్త అంశములను చేర్చునపుడు ఆటగాండ్ర ఓటు కోరి, నూటికి 75 మంది సమ్మతించిననే చేర్చెడివారు. కల్పిత రాజ్యమున ఉన్న మర్యాద మన కళాశాలలో ఉండరాదా?

అంతకన్న ముఖ్యమైన మనవి వేరొకటి. సంతకము లేని ఫిర్యాదుపై ఏ చర్యయు తీసికొనరాదు. ఏ విద్యార్థిని గూర్చియైనను ఉపన్యాసకుడు ప్రతికూలముగా వ్రాయదలచినచో, ముందు ఆ విద్యార్థిని ఎదుట కూర్చుండబెట్టుకొని వినవలెను. ఏమి వినినాడో ఆ కాగితముననే వ్రాయవలెను. క్రింద తన పేరును స్పష్టముగా వ్రాయవలెను. ఆ కాగితపు ప్రతిని విద్యార్థికి ఇయ్యవలెను. ఇది విద్యార్థుల కొఱకు మాత్రమే కాదు, మా వంటి ఉపన్యాసకుల రక్షణ కొఱకును అడుగుచున్నాము. ముఖము చూచి వ్రాయవలసివచ్చినచో మేము ఆనాడు ఆ పంక్తిని వ్రాసియుండెడివారము కాము. ఈ నియమమును చేసినచో దానికి లోబడు మొదటి కాగితము మాదే కాగలదు.

విద్యార్థి మిత్రులారా! ఆడుడు, మితముగా ఆడుడు. మీ బాలగురువు కడ నేర్చుకొన్న విద్యను మేమును మరువలేదు. సెలవు దినమున ఒక్కొక్కమారు మాంత్రికుల గోపురమెక్కుట మాకును అలవాటైనది. కాని తెరను మార్చి మిత్రబృందపు సందేశములలోనికి వచ్చునపుడు ఒక్క క్షణము ఆగుడు. అచటి మనుష్యుడు పంజరములో లేచు రాక్షసుడు కాడు. ఒకమారు కూలినచో కొంతసేపటికి మరల లేవడు. విసరదలచిన మాట మీ పేరుతో విసరగలరా? అది తగులువాని పేరు మీకు తెలియునా? పొరపాటైనచో దానిని మరల్చు దారి ఉన్నదా? ఈ మూడింటికి సమాధానము లేని మాటను సంచిలోనే ఉండనిండు.

అర్జునుడు గంగాతీరమున ఆగ్నేయాస్త్రమును ఇచ్చి చాక్షుషిని పుచ్చుకొన్నాడు. మన చేతులకు ఈ కాలము అస్త్రమును ముందే ఇచ్చినది. చాక్షుషిని ఇయ్యవలసిన బాధ్యత కళాశాలది. ఎంత దూరము విసరగలమో అంత దూరము చూడగలుగుట నేర్పనిచో, మనము నేర్పినది ఏ శాస్త్రమైనను అది సగము విద్యయే.